మంచుబొమ్మలో ఇద్దరు

స్కూలు నుంచి వచ్చిన కాగితంలో బొమ్మ అరచేయంత ఉండాలని రాసి ఉంది. చివరికి అది బస్సు తలుపులో పట్టలేదు. ఈ రెంటికీ మధ్య జరిగిందంతా జైనబీ తన చెల్లెలి మొహం చూడాలనుకోవడం వల్ల జరిగింది.

జైనబీది ప్రొద్దుటూరు పక్కన ఒక పల్లె. దూదేకుల వాళ్లు. ఒమాన్‌లో, బర్కాలో, ఒక ఇంట్లో పని. వంట, ఇల్లు, ఇద్దరు పిల్లలు ఆమె డ్యూటీ. ఆమె తర్వాత చెల్లెలు మున్నీ కూడా అదే దేశం వచ్చి సమాయిల్‌లో ఒక ఇంట్లో చేరింది. బర్కా నుంచి సమాయిల్‌కు కారులో గంట దారి. మున్నీ వచ్చి రెండేళ్లయినా ఆ గంట దారి ఇద్దరిలో ఎవరూ దాటలేదు. వాళ్లకు సెలవు లేదు. శుక్రవారం చుట్టాలొస్తారు కాబట్టి ఆ రోజు పని రెట్టింపు. ఫోన్లో మాట్లాడుకునేవాళ్లు, అదీ ఇంట్లోవాళ్లు పడుకున్న మధ్యాహ్నాల్లో.

రెండువేల ఎనిమిది డిసెంబర్‌లో మున్నీ కాంట్రాక్టు అయిపోయింది. నెలాఖరుకు ఇంటికి పోతున్నానని, మళ్లీ రానని చెప్పింది. జైనబీ అప్పుడే ఇంకో రెండేళ్లకు సంతకం పెట్టి ఉంది.

"నువ్వు పొయ్యేలోపల ఒక్కసారి నీ మొగం చూడాల," అంది జైనబీ.

"ఏముండాది చూసేదానికి? అదే మొగం."

"అదే మొగమో కాదో నేను చూసి చెప్తా."

ఆ వారమే కాగితం వచ్చింది. ఇంటి యజమానురాలు బ్యాంకులో పని చేస్తుంది. జైనబీ ఆమెను మామా అంటుంది, ఆ దేశంలో పనివాళ్లందరూ యజమానురాలిని అలాగే అంటారు. మామా కాగితం చదివి చెప్పింది. శీతాకాలం పండగ. స్కూలుకున్న బ్రాంచీల పిల్లలందరూ బుధవారం అల్ అమెరాత్‌లోని మెయిన్ స్కూల్లో కలుస్తారు. ప్రతి ఇంటి పిల్లలూ పెద్దవాళ్లతో కలిసి చేతులతో మంచుమనిషి బొమ్మ చేసి తేవాలి.

"సమాయిల్ పిల్లోల్లు కూడా వస్తారా మామా?" అని జైనబీ అడిగింది. మున్నీ చూసుకునే పిల్లలు సమాయిల్ బ్రాంచీలో చదువుతారు.

"అన్ని బ్రాంచీలూ అని రాశారు."

"నేనూ పోవచ్చా?"

మామా కాగితం మడిచింది. "బొమ్మ బ్యాగులో పడుతుంది. నువ్వెందుకు?"

ఆ మాటను జైనబీ గిన్నెలు తోముతూ అటూ ఇటూ తిప్పి చూసింది. బొమ్మ బ్యాగులో పట్టకపోతే?

ఆ ఇంటి పిల్లల్లో షమ్సాకు ఎనిమిదేళ్లు, తమ్ముడు ఖల్ఫాన్‌కు ఐదు. ముగ్గురూ వంటింటి నేల మీద కూర్చుని కాగితంలోని బొమ్మను చూశారు. జిరాక్సుకు జిరాక్సు తీసిన బొమ్మ. రెండు గుండ్రాలు, పైన టోపీ, పక్కలకు పుల్లల చేతులు.

"ఇది నాకు తెలుసు," అంది జైనబీ. "మా చేలల్లో పెడతారు. కుండకు సున్నం కొట్టి, చుక్కలు పెట్టి, పాత చొక్కా తొడుగుతారు. పంటకు దిష్టి తగలకుండా."

"ఇది మంచు," అంది షమ్సా.

"మంచుకు మాత్రం దిష్టి తగలదా?"

షమ్సా కాగితాన్ని దగ్గరికి లాక్కుని మళ్లీ చూసింది.

"నోట్లో చుట్ట ఎందుకు పెట్టుకున్నాడు?" అని జైనబీ అడిగింది.

"చుట్ట కాదు. ముక్కు. క్యారెట్."

"అంత పొడుగు ముక్కు ఎవరికుంటుంది?"

"మంచుకు."

మంచు సంగతి ముగ్గురిలో ఎవరికీ తెలియదు. షమ్సా టీవీలో చూసింది. జైనబీకి తెలిసిన మంచు ఫ్రీజర్ గోడలకు పేరుకునేది. అప్పుడప్పుడూ గరిటెతో గీకి పారేస్తుంది. పిల్లలను తీసుకెళ్లి అదే చూపించింది. ఖల్ఫాన్ చేపల సంచి పక్కనున్న ముక్క ఒకటి నోట్లో వేసుకున్నాడు.

"మంచుమనిషి చేపా?" అని అడిగాడు.

మొదటి బొమ్మను మందుల షాపు దూదితో చేశారు. అరచేతిలో పట్టింది. కళ్లకు మిరియాలు పెట్టారు, ముక్కుకు క్యారెట్ పొట్టు. షమ్సా దాన్ని బ్యాగులో పెట్టి జిప్పు లాగింది. జిప్పు పూర్తిగా పడింది.

"ఇది పిల్ల," అంది జైనబీ. "పిల్ల ఒక్కటే అంత దూరం ఎట్ల పోతుంది? దీని తల్లిని చేద్దాం."

పిల్లలిద్దరూ వెంటనే ఒప్పుకున్నారు.

తల్లికి దూది కావాలి. చుట్టాలు కూర్చునే గదిని అక్కడ మజ్లిస్ అంటారు, అందులో వేసే పాత దిండ్లు రెండు స్టోర్ రూమ్‌లో ఉన్నాయి. లోపలి దూది రాయిలా గట్టిపడి ఉంది. జైనబీ తండ్రి విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపులకు దూది ఏకేవాడు. ఇంట్లో ఉన్న రోజున విల్లు కూతుళ్ల చేతికిచ్చేవాడు. విల్లు చేయడం జైనబీకి తెలుసు. ఖర్జూరం మట్ట, చేపల గాలం దారం తెమ్మని మల్లేశానికి చెప్పింది. మల్లేశం జగిత్యాల దిక్కు మనిషి. ఆ ఇంటి ఖర్జూరం తోటలో పని చేస్తాడు, పికప్ నడుపుతాడు.

"ఏం జేస్తవక్కా గీ మట్టతోని? పిట్టల గొడ్తవా?"

"దూది ఏకుతా."

"ఎవలి పెండ్లి పరుపు?"

"మంచుమనిషికి."

మల్లేశం ఆమె వంక చూసి, మట్ట ఇచ్చి వెళ్లిపోయాడు.

వంచిన మట్టకు బిగించిన దారానికి దూది ఆనించి, కాఫీ గింజలు దంచే రోకలితో షమ్సా దారాన్ని కొట్టింది. టంయ్ అంది. రాయిలా ఉన్న దూదిలోంచి పింజె లేచింది. మళ్లీ కొట్టింది, మళ్లీ లేచింది. ఖల్ఫాన్ తుమ్మాడు. రెండు దిండ్ల దూది హాల్లో పరుచుకుని, నడవలోకి వెళ్లి, అక్కణ్నుంచి మజ్లిస్‌లోకి పోయింది. మామా బ్యాంకు నుంచి వచ్చేసరికి సోఫా కనపడటం లేదు, ఖల్ఫాన్ కూడా కనపడటం లేదు. తుమ్ము వినపడింది కాబట్టి వెతకలేదు.

"ఏమిటిది?" అంది మామా.

"మంచు," అంది షమ్సా.

మామా మొహం చూసి జైనబీకి భయం వేసింది. అప్పుడు మామా తోడికోడలు గుర్తొచ్చింది. ఆమె పిల్లలూ అదే స్కూలు. పోయిన రంజాన్‌లో ఎవరి హల్వా బాగుందన్న మాట మీద ఇద్దరూ పలకరించుకోవడం మానేశారు.

"చిన్న మామా వాళ్ల పిల్లోల్లది తలుపంత ఉందంట," అంది జైనబీ. అది అబద్ధం.

మామా హ్యాండ్‌బ్యాగు కింద పెట్టింది. నడవలో అటూ ఇటూ నడిచింది. దూది ఆమె చెప్పులకు అంటుకుంది.

"ఏ తలుపు?" అంది. "వాళ్లింటి తలుపు చిన్నది. నువ్వు మనింటి తలుపంత చెయ్యి."

మట్టలతో బుట్టల్లాగా రెండు అల్లారు, కిందికొకటి, పైకొకటి. వాటి మీద దోమతెర చుట్టారు, దోమతెర మీద దూది పరిచి కుట్టారు. కుట్టు జైనబీది, అతికించడం పిల్లలది. కళ్లకూ బొత్తాలకూ వంటింట్లోని ఎండిన నల్ల నిమ్మకాయలు పెట్టారు. చేతులకు చీపురు కట్టలు. షమ్సా ఎంత వద్దన్నా జైనబీ మీసాలు పెట్టింది. మీసాలు లేకపోతే పిట్టలు కూడా భయపడవని చెప్పింది. బొమ్మ జైనబీ కంటే మూరెడు ఎత్తు వచ్చింది.

మరుసటి పొద్దున ఇంటి పెద్దావిడ, మామా అత్తగారు, నమాజుకని హాల్లోకి వచ్చి ఆగిపోయింది.

"ఇదెవరు?"

"మంచుమనిషి, పెద్ద మామా."

"కళ్లున్న బొమ్మ ఇంట్లో నిలబడి నన్ను చూస్తుంటే నేను నమాజు ఎట్లా చేసుకోను? తీసేయ్."

ఖల్ఫాన్ ఏడుపు మొదలుపెట్టాడు. షమ్సా ఏడవలేదు కానీ పెదవి బిగబట్టింది. జైనబీకి పెద్దావిడ మాట తప్పనిపించలేదు, తనకూ నమాజు ఉంది. కానీ బొమ్మ పోతే బుధవారం పోయినట్టే.

పెద్దావిడ మనవడి ఏడుపు విన్నది. బొమ్మ చుట్టూ ఒకసారి తిరిగింది. కర్రతో కింది బుట్టను తట్టింది.

"లోపల ఏముంది?"

"ఏం లేదు. ఖాళీ."

"అయితే నువ్వు లోపలికి పో."

"నేనా?"

"లోపల మనిషుంటే అది బొమ్మ కాదు. బట్టలు. మీసాలున్న బట్టలు. బట్టల మీద నాకే అభ్యంతరమూ లేదు."

ఆ మాటలో లోపం ఎవరికీ కనపడలేదు. చూడటానికి కంటి నిమ్మకాయల కింద, చేతులు బయట పెట్టడానికి పక్కల్లో జైనబీ రంధ్రాలు చేసుకుంది. అప్పట్నుంచి మంచుమనిషి నిలబడితే ఆమె లోపల ఉండాలి. ఆమె వంటింట్లో ఉంటే అది గోడవైపు తిరిగి పడుకోవాలి. ఒకసారి మంచుమనిషి వచ్చి పొయ్యి మీది అన్నం దించి వెళ్లింది. గ్యాస్ సిలిండర్ తెచ్చినవాడు వాకిట్లో అది ఎదురైతే సిలిండర్ అక్కడే పెట్టి సంతకం తీసుకోకుండా పోయాడు. బుధవారం సంగతి మాట్లాడుకోవాల్సిన పని కూడా లేకపోయింది. స్కూల్లో బొమ్మ నిలబడాలి, కాబట్టి జైనబీ వెళ్లాలి.

ఆ మధ్యాహ్నమే మున్నీకి ఫోన్ చేసింది.

"నేను వచ్చాండానే. బొమ్మ లోపల."

"లోపలా?"

"లోపలే. నువ్వు కూడా పెద్దది చెయ్యి. మోసుకపొయ్యే మనిషి లేకపోతే కదలనంత చెయ్యి. ఏకడం మర్చిపోయినావా?"

"నాయన చేతి దెబ్బలు మర్చిపోయినా గానీ ఏకడం మర్చిపోలా."

"ఎవురికీ చెప్పద్దు."

అటువైపు మున్నీ గొంతు తగ్గించింది.

"పక్కింట్లో సుబ్బలక్ష్మమ్మ ఉండాది గదా, గోదావరామె. ఆమెకొక్కదానికే చెప్తా అక్కా. ఇల్లు దాటక యాడాదయిందంట."

"ఒక్కదానికే," అంది జైనబీ.

బుధవారం పొద్దున మామా పిల్లలను కారులో తీసుకెళ్లింది. బొమ్మ కారులో పట్టదు. మల్లేశం పికప్ వెనక నిలబెట్టి, తాళ్లతో కట్టి, ముడులు లాగి చూశాడు.

"అక్కా, ఊపిరాడ్తుందా?"

"ఆడతాంది."

"కూసుంటవా?"

"కూర్చుంటే పొట్ట లేస్తాది. నువ్వు నిదానంగా పో."

దారిలో లారీలవాళ్లు హారన్ కొట్టారు. ఒక పెట్రోల్ బంకు దగ్గర పెట్రోల్ పోసేవాడు మంచుమనిషికి సలాం చెప్పాడు. లోపల్నుంచి వాలేకుం సలాం వచ్చేసరికి పైపు వదిలేశాడు. మల్లేశం దిగి పైపు పట్టుకోవాల్సి వచ్చింది.

స్కూలు గేటు దగ్గర మల్లేశం తాళ్లు విప్పాడు. విప్పుతూ విప్పుతూ ఆగిపోయాడు.

"అక్కా," అన్నాడు. "నువ్వొక్కదానివే అన్నవు గదా?"

జైనబీ బొమ్మ కంటి రంధ్రంలోంచి చూసింది. స్కూలు ఆవరణ నిండా మంచుమనుషులు. తలుపంత ఒకటి, తలుపు కంటే ఎత్తు ఒకటి, వాషింగ్ మెషిన్ డబ్బాకు దుప్పటి చుట్టింది ఒకటి. కొందరికి తల చిన్నది, కొందరికి తల తప్ప ఏమీ లేదు. అన్నిటి కిందా చెప్పులు వేసుకున్న పాదాలు. కదులుతున్నాయి, గుద్దుకుంటున్నాయి, గుద్దుకున్నచోట ఆగి మాట్లాడుకుంటున్నాయి. ఒకచోట గోదావరి మాట, ఒకచోట మలయాళం, ఇంకోచోట ఏ భాషో తెలియని నవ్వు. మున్నీ చెప్పింది ఒక్క సుబ్బలక్ష్మమ్మకే. సుబ్బలక్ష్మమ్మ కూడా ఒక్కరికే చెప్పి ఉంటుంది.

పిల్లల బ్యాగుల్లో వచ్చిన అరచేతి బొమ్మలు ఒక తీగకు వేలాడుతున్నాయి. వాటిని ఎవరూ చూడటం లేదు. ప్రిన్సిపాల్ మైకు పట్టుకుని, తల్లిదండ్రుల ఉత్సాహానికి మాటలు చాలడం లేదని చెబుతున్నాడు. నిజంగానే ఆ తర్వాత ఆయనకు మాట రాలేదు.

జైనబీ జనంలోకి నడిచింది. "మున్నీ!" అని పిలిచింది.

మూడు మంచుబొమ్మలు తిరిగాయి.

"యా ఊరు మున్నీ?" అంది ఒకటి.

"ప్రొద్దుటూరు."

"మాది రాయచోటి. నేను కాదు," అంది ఆ బొమ్మ. రెండోది నంద్యాల. మూడోదాని పేరు మున్నీ కాదట, ఎవరు పిలిచినా తిరుగుతోంది.

సమాయిల్ బస్సు పదకొండింటికి వెళ్లిపోతుందని మైకులో చెప్పారు. జైనబీకి చెమట కళ్లలోకి కారింది. ఇంత మందిలో ఒక మనిషిని వెతకొచ్చు, మొహం కనపడితే. చేతులు చాపి బొమ్మలను తాకుతూ పోయింది. ఒకటి స్పాంజి. ఒకటి టిష్యూ కాగితం. ఒకటి దుప్పటి, లోపల గట్టిగా అట్ట. మంచినీళ్ల ట్యాంకు పక్కన నిలబడినదాని మీద చెయ్యి వేస్తే వేలు లోపలికి పోయింది. తీస్తే పింజె మళ్లీ లేచింది. ఏకిన దూది. ఇంకాస్త లోపలికి పొడిచింది.

"ఎవుర్రా అది, కడుపులో పొడిచేది? చేతులిరుగుతాయి!" అంది ఆ బొమ్మ.

"నేనే," అంది జైనబీ.

బొమ్మ గొంతు వచ్చినవైపు తిరిగింది. తర్వాత ముందుకొచ్చింది. రెండు పొట్టలూ గుద్దుకుని ఇద్దరూ వెనక్కి తూలారు. మళ్లీ ప్రయత్నించారు, మళ్లీ తూలారు. పక్కనున్న పిల్లలు ఇది ఆట అనుకుని చప్పట్లు కొట్టారు.

"అక్కా, ఇట్ల కాదు. నీ కింది బుట్ట ఎత్తు."

జైనబీ ఎత్తింది. మున్నీ తన బొమ్మలోంచి పాకుతూ వచ్చి అక్క బొమ్మలో దూరింది. లోపల ఇద్దరూ మోకాళ్లు మోకాళ్లకు తగిలేలా కూర్చున్నారు. బొమ్మ కాస్త లావైంది, కాస్త పొట్టైంది. కంటి రంధ్రాలు ఎక్కడో పైన ఉండిపోయాయి. కింద చీకటి.

"చిక్కిపోయినావు," అంది జైనబీ.

"కనపడతాందా?"

"చెయ్యి పట్టుకుంటే తెలీదా?"

మున్నీ ఆ చెయ్యి తీసుకుని తన మొహం మీద పెట్టుకుంది. జైనబీ నుదురు తడిమింది, చెవులు తడిమింది.

"ముక్కు పొడుగైంది."

"క్యారెట్టు పెట్టుకుండా."

ఇద్దరూ నవ్వారు. బయట మంచుమనిషి ఊగింది. ఎవరో ఫోటో తీశారు.

"నాయన నీ గురించి అడుగుతాడు. ఏం చెప్పాల?"

"బాగుండాదని చెప్పు."

"మంచుబొమ్మలో ఉండాదని చెప్తా."

"నమ్మడు."

"నమ్మకపోతే నమ్మకపోనీ. మీసాలుండాయని కూడా చెప్తా."

అంతలో బయట ఒక పిల్ల ఏడ్చింది. తర్వాత చాలామంది ఏడ్చారు. ఖాళీగా పడి ఉన్న మున్నీ బొమ్మను ఎవరో చూశారు. చీపురు చేతులు పక్కకు పడి ఉన్నాయి, తల ఒరిగింది, కింద పాదాలు లేవు.

"కరిగిపోయింది!" అని పిల్లలు కేకలు పెట్టారు.

ఒక టీచర్ ఎండకు మంచు ఎందుకు కరుగుతుందో చెప్పడం మొదలుపెట్టింది. ప్రిన్సిపాల్‌కు మాట తిరిగొచ్చింది. మన మధ్య నుంచి ఒక మంచుమనిషి వెళ్లిపోయిందని, అందరూ ఒక నిమిషం మౌనంగా నిలబడాలని మైకులో అన్నాడు. నిలబడ్డారు. మిగతా మంచుమనుషులు కూడా నిలబడ్డాయి. తర్వాత ఊడ్చేవాళ్లు తోపుడుబండి తెచ్చి, దాన్ని ఎత్తి, గేటు బయటికి తీసుకెళ్లారు. పిల్లలు చేతులూపారు.

మున్నీ బుట్ట సందులోంచి ఇదంతా చూసింది.

"అక్కా, నన్ను ఎత్తుకపోతాండారు."

"పోనీలే. నువ్వీడే ఉండావు గదా."

"మా మామాకు ఏం చెప్పాల? పొద్దున బొమ్మతో పంపించింది. వట్టి చేతులతో ఎట్ల పొయ్యేది?"

బస్సు హారన్ వినపడింది. జైనబీ తలకు చుట్టుకున్న గుడ్డలోంచి సూది తీసి, దాని కొనతో పైబుట్టకూ కిందిబుట్టకూ మధ్య ఉన్న కుట్లు ఒక్కొక్కటీ తెంపింది. షమ్సా పరిగెత్తుకొచ్చి కిందికి వంగి చూసింది. రెండు జతల పాదాలు కనపడ్డాయి.

"రెండో ఆమె ఎవరు?"

"నా చెల్లెలు. పొట్ట ఈమెకిస్తున్నా. నీకు తల చాలునా?"

షమ్సా ఆలోచించింది. "మీసాలు మనకే కదా?"

"మనకే."

"అయితే ఇవ్వు."

పొట్ట వేసుకుని, తన తల కూడా అందులోకి వంచుకుని మున్నీ సమాయిల్ బస్సు వైపు నడిచింది. జైనబీ తల వేసుకుని వెనకే నడిచింది. పిల్లలు దారి ఇచ్చారు. ఒకడు, సగం కరిగినా నడుస్తోంది చూడమని పక్కవాడికి చూపించాడు.

బస్సు తలుపులో పొట్ట పట్టలేదు. డ్రైవర్ లోపల్నుంచి లాగాడు, టీచర్ బయట్నుంచి తోసింది. మట్టలు కిర్రుమన్నాయి తప్ప పొట్ట కదల్లేదు. పక్కకు తిప్పారు, తలకిందులు చేశారు, మున్నీ లోపలే ఉంది. ఆఖరికి డ్రైవర్ దిగి, ముందు మనిషిని బయటికి తీయమన్నాడు.

మున్నీ పాకుతూ బయటికొచ్చి మెట్టు మీద నిలబడింది. జైనబీ తన మీదున్న తలను ఎత్తి కింద పెట్టింది. ఎండ కళ్లలో పడి ముందు ఏమీ కనపడలేదు. తర్వాత మున్నీ కనపడింది. జుట్టు నిండా దూది. చెంపల్లో ఎముకలు. మున్నీ కూడా ఆమెనే చూస్తోంది. ఇద్దరి మధ్యా డ్రైవర్, టీచర్, పొట్ట ఉన్నాయి.

మున్నీ నవ్వింది. ముందు పళ్లలో ఒకటి లేదు. ఫోన్లో ఎన్నోసార్లు మాట్లాడినా ఆ సంగతి చెప్పలేదు.

డ్రైవర్ పొట్టను వెనక తలుపులోంచి ఎక్కించి వచ్చాడు. మున్నీని లోపలికి పొమ్మన్నాడు. బస్సు కదిలింది. జైనబీ దాని పక్కన కొంతదూరం పరిగెత్తింది.

"పన్ను ఎట్ల పొయ్యిందే?" అని అరిచింది.

మున్నీ కిటికీలోంచి తల బయటికి పెట్టింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోబోయి, తీసేసి, మొహం అంతా కనపడేలా అక్క వైపు తిరిగింది.

"ఇంటికి పొయ్యినాక ఫోన్ చేస్తా. పెద్ద కత!" అంది.